మట్టిగాజు నుంచి మృణ్మయ శిల్పం వరకు

తెలుగింటి పెండ్లికూతురి చేతికి ఎన్ని బంగారు గాజులు ఉన్నప్పటికీ, వాటి నడుమ మట్టిగాజులు లేనిదే ఆ చేయి నిండినట్లు పెద్దలు భావించరు. సీమంతం నాడు గర్భవతికి ముత్తయిదువలు తొడిగేవి కూడా మట్టిగాజులే. నిజానికి ఈనాడు ఆ పేరుతో అంగళ్లలో అమ్ముడుపోయేవి మట్టితో చేసినవి కావు. వాటిలో అత్యధికభాగం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాదు కొలుములలో రూపొందిన గాజువలయాలు. అయినప్పటికీ తెలుగు వాడుక వాటిని మట్టిపేరుతోనే పిలుస్తూ వస్తున్నది. బంగారానికి ధర అధికం కావచ్చును. శుభానికి మాత్రం మట్టి పేరే నిలిచినది.

మట్టిని మలచి, కాల్చి, ఒంటిపై అలంకారంగా ధరించడం భారత ఉపఖండంలో అతి ప్రాచీనమైన ఆచారం. ఇటీవలి దశాబ్దాలలో నగరాల హస్తకళా ప్రదర్శనలలో కాల్చిన మట్టి కమ్మలు, పింగాణి పతకాలు, పూసల దండలు విశేషంగా కనిపిస్తున్నవి. వీటిని 'ధరించగల శిల్పాలు' అని కళావిమర్శకులు వర్ణిస్తున్నారు. ఈ వర్ణన ఒక ప్రశ్నను మన ముందుంచుతున్నది: మట్టి నగ అన్నది బంగారం కొనలేనివారు పెట్టుకునే ప్రత్యామ్నాయమా, లేక తనదైన విలువ గల కళారూపమా? ఇది కేవలం అభిరుచికి సంబంధించిన చర్చ కాదు. ఆ నగను చేసిన చేతికి ఎంత కూలి ముట్టాలి అన్నది కూడా ఈ ప్రశ్నకు లభించే సమాధానంపైనే ఆధారపడి ఉన్నది.

సింధులోయ చెప్పే సాక్ష్యం

క్రీ.పూ. 2600 – 1900 మధ్య వర్ధిల్లిన సింధు నాగరికతా నగరాలలో కాల్చిన మట్టిగాజుల ముక్కలు అసంఖ్యాకంగా లభించినవి. ఎర్రమట్టి గాజు, శంఖం నుంచి కోసిన గాజు, రాగి గాజు, నీలి ఆకుపచ్చ మెరుపు గల ఫాయాన్సు గాజు, బంగారు గాజు – ఇలా ఒకే ఆభరణం పలు పదార్థాలలో అక్కడ కనిపిస్తుంది. సామాన్య గృహిణి, సంపన్న గృహిణి ధరించిన ఆకారం ఒక్కటే. పదార్థం మాత్రమే వేరు.

ఈ వరుసలో మట్టిది అట్టడుగు స్థానమని తోచడం సహజం. కాని మొహెంజొదారో, హరప్పాలలో లభించిన మరొకరకం గాజులు ఆ భావనను తారుమారు చేసినవి. పురావస్తు శాస్త్రజ్ఞులు వీటిని 'స్టోన్‌వేర్' గాజులని, అనగా రాతివలె గట్టిపడిన మట్టిగాజులని పేర్కొంటారు. నలుపు, బూడిదరంగులు కలసిన ఛాయ, రాతిని సానపట్టినట్లు నునుపైన ఉపరితలం, దోషరహితమైన గుండ్రదనం వీటి లక్షణాలు. వీటి లోపలి వ్యాసం సాధారణంగా 5.5 నుంచి 6 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. నేటి గాజుల అంగడిలో స్త్రీలు అడిగే సాధారణ కొలతలకు ఇది సమీపంగా ఉండటం ఆసక్తికరం.

వీటి తయారీ అత్యంత శ్రమతో కూడినది. పలుమార్లు వడియగట్టిన మెత్తని మట్టిని కుమ్మరి సారెపై గొట్టంవలె లేపి, అది కొంత ఆరిన పిదప వలయాలుగా కోసేవారు. ఒక్కొక్క వలయాన్ని చెక్కి, నునుపుచేసి, అనేకం మీద సింధులిపి అక్షరాలను సూక్ష్మంగా గీసేవారు. తరువాత వాటిని చిన్న పాత్రలలో పేర్చి, ఆ పాత్రలను మరొక పెద్ద కుండలో ఉంచి, మూతపెట్టి, మట్టితో మెత్తి, ఆ మూతపై ముద్ర వేసి ఆవములో కాల్చేవారు. లోపలికి గాలి చొరకుండా, వెయ్యి డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడిలో కాలినందువల్లనే వాటికి ఆ రంగు, ఆ కాఠిన్యం అబ్బినవి. 1980వ దశాబ్దంలో ఇటలీ, జర్మనీ దేశాల పరిశోధకులు మొహెంజొదారోలో జరిపిన అన్వేషణ ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చినది. ఈ గాజులు మొహెంజొదారో, హరప్పా మహానగరాలలో తయారైనట్లు రసాయనిక పరీక్షలు సూచించినవి.

ఈ ముద్రలు, ఈ అక్షరాలు, ఈ కట్టుదిట్టాలు సామాన్యమైన సరుకుకు అవసరం కావు. ఆ గాజు ధరించినవారు సమాజంలో ప్రత్యేకమైన హోదా గలవారై ఉండాలని పండితుల అభిప్రాయం. కాలి క్రింద నలిగే మన్ను, మనిషి బుద్ధి, చేతినేర్పు, నిప్పుపై అదుపు – ఈ మూడింటి కలయికతో అపురూపమైన వస్తువుగా మారినది. నగ విలువ పదార్థంలో లేదు, పనితనంలో ఉన్నదని 4,000 సంవత్సరాలకు పూర్వమే ఈ ఉపఖండపు శిల్పులు నిరూపించారు.

దక్కను నుంచి కళింగం వరకు

దక్షిణాపథంలోను ఈ కళకు నిదర్శనాలు కొదవలేదు. నేటి తెలంగాణలోని సంగారెడ్డి సమీపంలో ఉన్న కొండాపురం శాతవాహన యుగపు పట్టణం. 1940 – 42 మధ్య హైదరాబాదు సంస్థానపు పురావస్తు శాఖ, గులాం యజ్దానీ నేతృత్వంలో, అక్కడ త్రవ్వకాలు జరిపినది. వేలాది నాణెములతోపాటు పూసలు, తెల్లని కేయోలిన్ మట్టితో చేసిన సుకుమారమైన బొమ్మలు, మెడలో వ్రేలాడదీసుకోవడానికి వీలుగా చేసిన మట్టి పతకాలు వెలువడినవి. ఈ పతకాలలో కొన్ని రోమను నాణెములను అనుకరించినవి.

ఆ కాలంలో రోమను సామ్రాజ్యంతో సాగిన సముద్ర వాణిజ్యం ద్వారా బంగారు నాణెములు ఈ దేశానికి విరివిగా చేరినవి. వాటిని ఆభరణాలుగా ధరించడం పరిపాటి అయినది. అట్టి నాణెమును సంపాదించలేని గృహంలో దానిరూపం మట్టిలో అవతరించినది. దక్కను కుమ్మరి ఒక దూరదేశపు చక్రవర్తి ముఖాన్ని మట్టిలో ముద్రించి, పైన చిన్న కొక్కెం అమర్చి, తన ఊరి ఆడపడుచు మెడలోకి చేర్చినాడు. ఒక చిన్న మట్టిబిళ్లలో ఖండాంతర వాణిజ్యచరిత్ర దాగి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

ఒడిశాలో భువనేశ్వరం చెంతనున్న శిశుపాలగఢంలో 1948లో బి.బి. లాల్ జరిపిన త్రవ్వకాలలో కూడా ఇట్టి పతకాలు, వాటితోపాటు కాల్చిన మట్టి కర్ణాభరణాలు అనేకం లభించినవి. చెవితమ్మె రంధ్రంలో ఇమిడేటట్లు నడుమ సన్నగా, అంచులలో వెడల్పుగా వీటిని మలచినారు. నాటి శిల్పాలలో స్త్రీపురుషుల చెవులకు కనిపించే బరువైన కుండలాలను ఈ మట్టి నగలు గుర్తుకు తెస్తున్నవి. సింధుతీరం, దక్కను పీఠభూమి, కళింగ తీరం – భాషలు వేరు, పాలకులు వేరు, కాలాలు వేరు. కాని మట్టిని అలంకారంగా మార్చుకున్న రసజ్ఞత వీటన్నింటికీ ఉమ్మడిసొత్తు.

నిప్పు చేసే పని

మట్టి నగ తయారీ పైకి తేలికగా కనిపిస్తుంది. కుండకు, కమ్మకు మన్ను ఒకటే అయినా, కమ్మకు కావలసిన జాగ్రత్త ఎక్కువ. చెరువు మన్నును ఎండబెట్టి, నలగగొట్టి, నీటిలో కలిపి, సన్నని వస్త్రంలో వడియగట్టి, ఇసుక రేణువులు లేకుండా చేసుకోవాలి. కుండ గోడలో ఇమిడిపోయే చిన్న రాయి, కమ్మ రేకులో మాత్రం పగులుకు దారి తీస్తుంది. మన్నును బాగా పిసికి, అందులోని గాలిబుడగలను తొలగించాలి. లేనిచో అవి నగను బలహీనపరచి పగులుకు దారి తీస్తవి.

మన్ను ఆరేటప్పుడు, కాలేటప్పుడు కూడా కుంచించుకొనిపోతుంది. స్టోన్‌వేర్ మట్టిలో ఈ తగ్గుదల సుమారు 10 నుంచి 12 శాతం వరకు ఉండవచ్చును. కనుక కావలసిన దానికంటె పెద్దదిగా నగను మలచాలి. దారం దూర్చే రంధ్రాన్ని కూడా వెడల్పుగా పొడవాలి. జతకమ్మల విషయంలో ఇది మరింత క్లిష్టం. రెండింటి మందంలో ఏమాత్రం తేడా ఉన్నా, ఒకటి పెద్దదిగా, మరొకటి చిన్నదిగా మిగులుతుంది. ఎండలో త్వరపడి ఆరబెట్టిన నగ వంకరపోతుంది. నీడపట్టున, నిదానంగా ఆరనివ్వడమే సరియైన పద్ధతి.

ఆవములో వేడి 500 – 600 డిగ్రీలకు చేరినప్పుడు మట్టిలో రసాయనికంగా బంధింపబడి ఉన్న నీరు వెలుపలికి పోతుంది. అటుపిమ్మట ఆ మన్ను మరల నీటిలో కరిగి బురద కాదు. సాధారణంగా ఎర్రమట్టి నగలు 700 నుంచి 900 డిగ్రీల మధ్య కాలుతవి. గాలి ధారాళంగా తగిలితే మట్టిలోని ఇనుము ఎరుపు రంగునిస్తుంది. పొగను లోపల బంధించి గాలిని అరికడితే అదే మన్ను నల్లనవుతుంది. ఒకే ముద్ద నుంచి ఎర్రకమ్మ, నల్లకమ్మ రెండూ రాగలవు. రంగు పూయవలసిన అవసరం లేదు. ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లాలోని నిజామాబాదు నల్లమట్టి పాత్రలు ఈ సూత్రంపైననే రూపొందుతున్నవి. స్టోన్‌వేర్‌ను 1,200 డిగ్రీలకు పైబడి కాలుస్తారు. అది నీరు పీల్చదు. సులభంగా గీతలు పడదు.

మెరుగుపూత పూసిన పూసలను కాల్చడం వేరొక విద్య. వేడికి కరిగిన పూత గాజువలె మారి, తాకిన ప్రతి వస్తువుకు అతుక్కొనిపోతుంది. అందువల్ల ఆ పూసలను వేడికి తట్టుకొనే నిక్రోమ్ తీగపై గ్రుచ్చి, ఒకదానినొకటి తాకకుండా, కొలిమిలో వ్రేలాడదీస్తారు.

శరీరమే పీఠం

శిల్పానికి, నగకు భేదమెక్కడ? ఆలయపు గోడపై శిల్పం స్థిరంగా నిలిచి ఉంటుంది. చూపరి దానిచుట్టూ తిరుగుతాడు. ధరించిన శిల్పం మనిషితోపాటు కదులుతుంది. మెడ, చెవి, మణికట్టు దానికి పీఠాలు. శిల్పి ఆలోచించే ఘనపరిమాణం, వెలుగునీడల పొందిక, ఖాళీకి నిండుకు గల సంబంధం ఇక్కడ కూడా వర్తిస్తవి. వీటికి తోడు మరికొన్ని నియమాలున్నవి. చెవికమ్మ చెవితమ్మెను లాగరాదు, అంచు చర్మాన్ని కోయరాదు, పైటకు తగులుకొనరాదు, నడిచేటప్పుడు ఒకదానితో మరొకటి తాకి చిట్లరాదు. ఈ నియమాలు శిల్పికి సంకెళ్లు కావు. ఛందస్సు పద్యానికి అందమైనట్లు, ఈ హద్దులలోనే మట్టినగ శిల్పం తన సొగసును వెదకుకొంటున్నది.

లోహపు నగలో వెలుగు పరావర్తనం చెంది కంటిని ఆకర్షిస్తుంది. మెరుగులేని మన్ను వెలుగును పీల్చుకొంటుంది. కనుక మట్టినగ మెరుపుతో పోటీపడక, ఆకృతితో మెప్పించాలి. వేలిముద్ర, గోటిగీత, ఆకు ఈనె అచ్చు, వస్త్రపు నేత గురుతు – మట్టి తనను తాకిన ప్రతిదానిని జ్ఞాపకం ఉంచుకొంటుంది. ఈ గుణాన్ని ఎరిగి వాడుకొన్న కళాకారిణి చేతిలో మట్టినగ బంగారునగకు అనుకరణగా మిగలదు. స్వతంత్ర సృష్టి అవుతుంది.

భారతదేశంలో ఈ చైతన్యానికి పుష్టినిచ్చినవారిలో స్టూడియో కుంభకారులను పేర్కొనవలెను. జపానులో కుంభకళను అభ్యసించి వచ్చిన సర్దార్ గురుచరణ్ సింగ్ ఢిల్లీ కేంద్రంగా ఒక తరాన్ని తీర్చిదిద్దారు. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పుదుచ్చేరిలో స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అనేకమంది యువకళాకారులకు అధిక ఉష్ణంలో మట్టిని కాల్చే విద్యను నేర్పినది. కుండ కేవలం వంటపాత్ర కాదు, కళాకృతి కూడా అన్న గౌరవం ఇట్టి కృషివల్లనే నెలకొన్నది. మట్టినగ ఆ గౌరవానికి వారసురాలు.

మట్టిలేని పింగాణి

రాజస్థాన్‌లోని జైపూర్ నీలి పింగాణి ఈ కళలో ఒక విశిష్టశాఖ. ఇందులో కుమ్మరి మన్ను వాడరు. చెకుముకి జాతికి చెందిన స్ఫటికశిల పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, వెలిగారం, బంక మొదలైన వాటితో ముద్ద తయారు చేస్తారు. ఈ ముద్దకు సాగుడు గుణం తక్కువ. కనుక సారెపై కంటె అచ్చులలోనే ఎక్కువగా రూపొందిస్తారు. కోబాల్టు నుంచి ముదురు నీలం, రాగి నుంచి లేత నీలి ఆకుపచ్చ రంగులు వస్తవి. పర్షియా, మధ్యాసియా ప్రాంతాల నుంచి భారతదేశానికి చేరిన ఈ విద్య, 19వ శతాబ్దంలో సవాయి రామ్ సింగ్ కాలాన జైపూరులో స్థిరపడినది. క్రమంగా క్షీణించిన ఆ కళకు 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో కమలాదేవి చట్టోపాధ్యాయ, గాయత్రీదేవి ప్రోత్సాహంతో కృపాల్ సింగ్ శెఖావత్ పునరుజ్జీవం కలిగించారు. ఆయనకు 1974లో పద్మశ్రీ లభించినది. పూజాపాత్రలు, పలకలతోపాటు నేడు జైపూరు పనివారు పూసలు, పతకాలు, కమ్మలు కూడా చేస్తున్నారు.

సింధు నగరాల ఫాయాన్సు కూడా స్ఫటికపు పొడితో చేసినదే. దాని నీలి ఛాయ కూడా రాగి నుంచి వచ్చినదే. ఈ రెండింటి నడుమ అవిచ్ఛిన్నమైన పరంపర ఉన్నదని చెప్పడం చరిత్రకు విరుద్ధం. కాని ఒకే ప్రకృతి ధర్మాన్ని వేర్వేరు కాలాలలో, వేర్వేరు దారులలో వచ్చిన మనుషులు ఇదే నేలపై సాక్షాత్కరింపజేసుకొన్నారన్నది నిర్వివాదం.

పనికి వెల ఎవరు కడతారు?

నేడు మట్టినగలకు గిరాకి పెరిగినది. దానితోపాటు సమస్యలు కూడా పెరిగినవి. ఒక కళాకారిణి రోజంతా శ్రమించి చేత మలచిన జతను చూచి, మరునాడే రబ్బరు అచ్చుతో వందల నకళ్లు తీయడం కష్టం కాదు. అచ్చు వాడటం తప్పు కాదు; కొండాపురం పతకాలు కూడా ముద్రించినవే. అచ్చుపని చేతిపనిగా చెలామణి అయినప్పుడే అన్యాయం. కొలిమి అవసరంలేని కృత్రిమ పాలిమర్ ముద్దతో చేసిన నగలను కూడా కొందరు వర్తకులు మట్టినగలని అమ్ముతున్నారు. కొనుగోలుదారుకు ఒక చిన్న పరీక్ష చాలు: మెరుగు పూయని మట్టినగ వెనుకభాగంపై ఒక నీటిచుక్క వేస్తే, కాల్చిన ఎర్రమట్టి దానిని పీల్చుకొంటుంది. పాలిమర్ పీల్చదు. అయితే బాగా కాలిన స్టోన్‌వేర్ కూడా పీల్చదు. దానిని బరువును బట్టి, తట్టినప్పుడు వచ్చే గట్టి మ్రోతను బట్టి గుర్తించవచ్చును.

పనివారి ఆరోగ్యం మరొక ముఖ్యవిషయం. స్ఫటికశిలను పొడిగా నూరేటప్పుడు లేచే ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే నయంకాని వ్యాధి సంక్రమిస్తుంది. సీసం కలిసిన మెరుగుపూతలు వాటిని కలిపేవారికి, ఆ నగను నోట పెట్టుకొనే పసిబిడ్డలకు హానికరం. తడిపి నూరడం, ముఖానికి తగిన కవచం ధరించడం, సీసంలేని పూతలు వాడటం అత్యవసరం. వీటికయ్యే ఖర్చు నగ ధరలో చేరినప్పుడు కొనేవారు బేరమాడటం తగదు.

ఈ కళలో మరొక సామాజిక పార్శ్వం కలదు. దేశంలో పలుచోట్ల కుమ్మరి కుటుంబాలలో స్త్రీలు మన్ను తెచ్చేవారు, తొక్కేవారు, కుండకు రంగులు వేసేవారు. కాని సారె తిప్పడం మగవారి హక్కుగానే ఉండేది. మట్టినగకు సారె అవసరం లేదు. చేయి, సూది, చిన్న వెదురుపుల్ల చాలును. ఆ విధంగా, తరతరాలుగా సహాయకురాలిగా మిగిలిన స్త్రీ ఈ రంగంలో కర్తగా, తన పనికి తానే యజమానురాలిగా నిలిచే అవకాశం ఏర్పడినది.

ప్రభుత్వ పథకాలు కూడా ఇందుకు తోడ్పడగలవు. ఖాదీ, గ్రామోద్యోగ సంఘం 2018లో ఆరంభించిన కుమ్హార్ సశక్తీకరణ్ కార్యక్రమం కుమ్మరులకు విద్యుత్ సారెలను, శిక్షణను అందించినది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కుమ్మరి వృత్తి ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ప్రోత్సాహకం, తక్కువ వడ్డీకి రుణం ఇందులోని సౌకర్యాలు. అయితే ఏ పథకమైనా పనిముట్టును ఇవ్వగలదు, అప్పును ఇవ్వగలదు. పనికి తగిన వెల కట్టవలసినది కొనే చేయి మాత్రమే.

మట్టినగ పగులుతుందన్నది దానిపై తరచుగా వినవచ్చే ఆక్షేపణ. బంగారం పగలదు, నిజమే. కాని బంగారపు నగ తరంతరం కరిగి, రూపుమాసి, మరొక నగగా మారుతుంది. దానిని చేసిన కంసాలి పనితనం ఆ మూసలోనే అంతరించిపోతుంది. కాలిన మన్ను మరల కరగదు. మొహెంజొదారోలో వేలాది సంవత్సరాల క్రిందట ఒక కుమ్మరి గీసిన అక్షరం ఆ పగిలిన గాజుముక్కపై నేటికీ చెక్కుచెదరక ఉన్నది. పెండ్లిపీటలమీద బంగారు గాజుల నడుమ మట్టిగాజు తొడిగే తెలుగుతల్లికి ఈ చరిత్ర తెలియకపోవచ్చును. ఆమె వాడే పేరులో మాత్రం మట్టికి ఇవ్వవలసిన మన్నన ఇంకా మిగిలి ఉన్నది. ఆ మన్నన పేరుతో ఆగిపోక, ఆ మట్టిని మలచిన మనిషి దాకా చేరడమే నేటి అవసరం.